ఎమెరీ బావ సమ్మె

మా బావ ఎమెరీ హుడాక్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది సాక్షాత్తూ దేశాధ్యక్షుడు. ఓహైయోలో మా ఊరు లొరేన్‌లో ఉద్యోగాలు ఊడటం వింతేం కాదు. ఉక్కు మిల్లులోంచి నన్నే రెండుసార్లు ఇంటికి పంపారు. అయితే నన్ను పంపింది ఒక ఫోర్‌మన్. బూటు కొసతో నేల మీద గీతలు గీస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు. బావ విషయంలో అలాంటి మొహమాటాలేం లేవు. వైట్‌హౌస్ గులాబీ తోటలో మైకు ముందు నిలబడి, దేశమంతా చూస్తుండగా అధ్యక్షుడే చెప్పాడు. అంతకు తొమ్మిది నెలల ముందు ఆయనకే బావ ఓటేశాడు. వెయ్యమని యూనియన్ చెప్పింది. ఓటుతో ఊరుకోక, కారు వెనక బంపరు మీద ఆయన పేరున్న స్టిక్కరు కూడా అంటించాడు. అది మంచి రకం జిగురు. తర్వాత సుత్తీ ఉలీ పెట్టినా రాలేదు.

బావ వాళ్ళ నాన్న స్లొవాకియా నుంచి వచ్చి మా మిల్లులో కొలిమి దగ్గర పనిచేసినవాడు. కొడుకు మాత్రం నిప్పు దగ్గరికి పోకూడదని ఆయన పట్టు. అందుకని బావ వైమానిక దళంలో చేరాడు. అక్కడ రాడార్ పని నేర్పారు. దళం వదిలి తిరిగొచ్చాక ప్రభుత్వంలో కంట్రోలర్‌గా కుదిరాడు. మా ఊరికి దక్షిణాన మొక్కజొన్న చేల మధ్య కిటికీలు లేని పెద్ద భవనం ఒకటుంది. ఈరీ సరస్సు మీదుగా, ఓహైయో మీదుగా పోయే విమానాలు ఎంత ఎత్తున ఎగరాలో, ఎటు తిరగాలో అందులో కూర్చున్నవాళ్ళు చెప్తారు. విమానం ఒక్కటీ కంటికి కనబడదు. చీకటి గది, గుండ్రటి తెర, దాని మీద పాకే చుక్కలు, అంతే.

"చుక్కని చుక్క తాకకుండా చూడాలి. ఇంకేం లేదు" అనేవాడు బావ, పనేంటని ఎవరడిగినా.

మా అక్క లొరెటా అతన్ని ఒక పెళ్ళిలో చూసింది. హాల్లో పోల్కా డాన్సు జోరుగా సాగుతోంది. ఇతను గోడకి ఆనుకుని నిలబడి, ఏ జంట వెళ్ళి ఏ జంటని గుద్దుకుంటుందో ముందే పక్కవాళ్ళకి చెప్తున్నాడట. చెప్పిన ప్రతిసారీ గుద్దుకున్నారట. అక్క నవ్వింది. "మనిద్దరం ఆడితే ఎవరినీ గుద్దుకోం" అన్నాడట. అక్కకి అది ప్రేమ మాటలాగే వినబడింది. ఆ ఏడాదే పెళ్ళయిపోయింది. పౌలెట్ అని ఒక కూతురు పుట్టింది.

వాళ్ళ పక్కింట్లో వాల్ ప్రూయిట్ ఉండేవాడు. వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి వచ్చినవాడు. అతనూ కంట్రోలరే. పని గదిలో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు, ఊళ్ళో పక్కపక్క ఇళ్ళు. ఇద్దరూ ఒకే కారులో పోయి ఒకే కారులో వచ్చేవారు. ప్రూయిట్‌కి పిల్లల్లేరు. భార్య జెనెట్ మా పౌలెట్‌కి పియానో నేర్పేది. పౌలెట్‌కి రాలేదు. అయినా జెనెట్ నేర్పుతూనే ఉండేది.

ఎనభైల దశకం వచ్చేసరికి ఆ పని మనుషుల్ని నమిలేస్తోంది. వారానికి ఆరు రోజులు పిలిచేవారు. పాత యంత్రాలు. ఒక్కోసారి విమానాలు కిక్కిరిసి ఉన్న వేళలోనే తెర మీద పేర్లు మాయమైపోయి ఉత్త చుక్కలు మిగిలేవి. బావకి కడుపులో పుండు వచ్చింది. ప్రూయిట్‌కి చేతులు వణికేవి, కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవాడు. పని గంటలు తగ్గించమని, జీతం పెంచమని యూనియన్ అడిగింది. ప్రభుత్వం ఇస్తానన్నది వీళ్ళకి నచ్చలేదు. ఎనభై ఒకటి ఆగస్టు మొదటి సోమవారం నుంచి దేశమంతా సమ్మె అన్నారు.

ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చెయ్యకూడదని చట్టం. చెయ్యనని చేరేటప్పుడు ప్రమాణం కూడా చేస్తారు. ఆ సంగతి అక్క భోజనాల దగ్గర గుర్తు చేసింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు అక్క క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండింది.

"ప్రమాణం చేశావు కదా, ఎమెరీ?"

"చేశా. వారానికి ఐదు రోజులే పని అని వాళ్ళూ చెప్పారు."

"అది ప్రమాణం కాదు కదా."

"వాళ్ళది ప్రమాణం కాదు, నాది మాత్రం ప్రమాణం. బావుంది. ఆ ఉప్పు ఇటివ్వు."

ఆ సాయంత్రం బావ కంచె దగ్గర ప్రూయిట్‌తో మాట్లాడటానికి వెళ్ళాడు. నేను కొత్తగా ఉద్యోగం ఊడి, అక్కావాళ్ళింటి కింది గదిలో మకాం పెట్టి ఉన్నాను. గడ్డి కోసే యంత్రం బాగుచేస్తున్న వంకతో అన్నీ విన్నాను.

"పొద్దున ఆరింటికి బయల్దేరదాం. ప్లకార్డులు నా డిక్కీలో ఉన్నాయి" అన్నాడు బావ.

ప్రూయిట్ కంచె మీద లేచిన పెయింటు గోటితో గీకాడు.

"నేను రావట్లేదురా."

"ఒంట్లో బాలేదా?"

"నాక్కాదు, జెనెట్‌కి. నీకు తెలుసుగా. రొమ్ములో గడ్డ తీశారు, ఇప్పుడు మందులు ఎక్కిస్తున్నారు. ఉద్యోగం పోతే ఆస్పత్రి ఖర్చు ఎవడు కడతాడు?"

"ఉద్యోగం ఎవడిదీ పోదు వాల్. పదమూడు వేల మందిమి. అందర్నీ తీసేస్తే విమానాలు ఎవడు నడిపిస్తాడు? ఆ సినిమాల ప్రెసిడెంటే గుర్రమెక్కి నడిపిస్తాడా?"

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చు."

"కావొచ్చు కాదు, నిజమే."

"నిజమైతే నేనొక్కణ్ణి రాకపోయినా మీరు గెలుస్తారు. అబద్ధమైతే జెనెట్ ఏమైపోవాలి?"

జవాబు లేనప్పుడు బావకి కోపం వచ్చేది.

మర్నాడు గేటు దగ్గర ప్లకార్డులతో ఒక వంద మంది దాకా నిలబడ్డారు. నేనూ తోడు వెళ్ళాను, ఎలాగూ పనిలేదు. ఏడింటికి ప్రూయిట్ కారు వచ్చింది. ఎప్పుడూ పక్క సీట్లో బావ ఉండే కారు. బావ అడ్డంగా వెళ్ళి రెండు అరచేతుల్తో బానెట్ మీద కొట్టి, "ద్రోహీ!" అని అరిచాడు. అద్దం లోపల ప్రూయిట్ స్టీరింగ్ పట్టుకుని ఎదరకే చూస్తున్నాడు. పోలీసు వచ్చి బావ భుజం మీద చెయ్యేసి పక్కకి జరిపాడు. కారు లోపలికి పోయింది.

పదకొండింటికి ఎవరిదో వ్యాన్‌లో చిన్న టీవీ పెట్టారు. అధ్యక్షుడు గులాబీల ముందుకొచ్చి, రెండు రోజుల్లో పనికి రాకపోతే ఉద్యోగాలు పోయినట్టే అన్నాడు. వ్యాన్ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. బావ నాతో, "బేరం ఇలాగే మొదలెడతారు" అన్నాడు.

అది బేరం కాదు. రెండు రోజులయ్యాక పదకొండు వేల మందికి పైగా ఇళ్ళకి పంపారు. పైగా, ఇంక జన్మలో వాళ్ళు అలాంటి ఉద్యోగానికి పనికిరారని నిషేధం పెట్టారు. ఆ రెండు రోజులూ అక్క ఒక్కసారే అంది, "వెళ్ళి కూర్చో ఎమెరీ, ఎవరూ ఏమీ అనుకోరు" అని. "నేననుకుంటాను" అన్నాడు బావ. అక్క ఇంక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. విమానాలు తగ్గాయి గానీ ఆగలేదు. సూపర్‌వైజర్లు, సైన్యం వాళ్ళు, లోపలికెళ్ళిన ప్రూయిట్ లాంటివాళ్ళు కలిసి నడిపించేశారు. బావకి ఉద్యోగం పోయినందుకు ఎంత బాధో, ఒక్క విమానమూ దారి తప్పనందుకు అంత చిరాకు. ఏదైనా జరగాలని కోరుకున్నాడని కాదు. జరిగితే వాంతి చేసుకునేవాడు. కానీ తను లేకపోయినా ఆకాశం అలాగే ఉండటం అతనికి మింగుడుపడలేదు.

ఆ తర్వాత బావ చేసిన పనులు చాలా ఉన్నాయి. చేపల లారీ తోలాడు. ఇల్లిల్లూ తిరిగి వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్మాలని చూశాడు. ఆ పనికి బొత్తిగా పనికిరాడు. ఇంటావిడ "మాకొద్దండీ" అనగానే, "సరేనమ్మా" అని వెనక్కి తిరిగేవాడు. చెప్పిన మాట ఒక్కసారికే అవతలివాళ్ళు వినాలి, తనూ వినాలి. అతనికి అదే అలవాటు.

ఆదివారాలు పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చునేవాడు. తెల్లటి గీతలు గీసుకుంటూ విమానాలు పోయేవి.

"ముప్పై మూడు వేల అడుగులు. షికాగోది. దాని వెనకది కాస్త దగ్గరగా వస్తోంది. జరుపు నాయనా, జరుపు. ఆ... అంతే."

"ఎవర్తో మాట్లాడుతున్నావు?" అని వంటింట్లోంచి అక్క.

"ఎవరూ వినట్లేదులే."

"సూప్ చల్లారిపోతోంది. అది వింటుంది, రా."

విమానం మాత్రం ఎక్కేవాడు కాదు. "నా కుర్చీలో ఇప్పుడెవడు కూర్చున్నాడో నాకు తెలియదు. తెలియనివాడి చేతిలో నా ప్రాణం ఎందుకు పెట్టాలి?" అనేవాడు. టూసాన్‌లో పౌలెట్ పెళ్ళయితే, లొరేన్ నుంచి అరిజోనా దాకా కారులోనే పోయాం. స్టిక్కరున్న కారే. ఓక్లహోమాలో పెట్రోలు బంకు కుర్రాడు ఆ స్టిక్కరు చూసి, "మంచి ప్రెసిడెంటండీ, మా నాన్నకి చాలా ఇష్టం" అన్నాడు. బావ అతని వంక కాసేపు చూసి, "అద్దం తుడువు" అన్నాడు.

మళ్ళీ వెనక్కొస్తాను. ఎనభై ఆరులో బావ మా ఊరి మెయిన్ రోడ్డులో కోవాక్స్ అనే ఆయన టీవీల కొట్లో పనిచేస్తున్నాడు. గోడ నిండా టీవీలు, అన్నీ ఆన్ చేసి ఉండేవి. జనవరి నెలాఖరులో ఒక పొద్దున, ఫ్లోరిడాలో అంతరిక్ష నౌక ఎగరడం చూపిస్తున్నారు. దాన్లో ఒక స్కూలు టీచరమ్మ కూడా ఉంది. బడిపిల్లలంతా చూస్తున్నారని కొట్లోనూ అన్ని టీవీల్లో అదే పెట్టారు. నేను బావకి మధ్యాహ్నం తిండి ఇవ్వడానికి వెళ్ళాను. మిల్లు మళ్ళీ మూసేసి ఉంది.

అది పైకి లేచిన నిమిషానికి పగిలిపోయింది. తెల్లటి పొగ రెండు కొమ్ములుగా విడిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు అద్దం లోంచి చూసి లోపలికొచ్చారు. కొట్టు నిండిపోయింది. అందరూ నిలబడి చూస్తున్నారు. అదే మళ్ళీ చూపించారు. మళ్ళీ చూపించారు.

బావ మొదటిసారి చూసి కదల్లేదు. రెండోసారి చూపించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి మొదలవగానే గోడ దగ్గరికి వెళ్ళి ఒక టీవీ ఆపేశాడు. తర్వాత పక్కది. ఒక్కోదాని బొత్తాం నొక్కుకుంటూ వరసంతా పోతున్నాడు.

"ఏయ్ ఎమెరీ, ఏం చేస్తున్నావు?" అన్నాడు కోవాక్స్. "జనం చూస్తున్నారు కదయ్యా!"

"చూశారు. అయిపోయింది."

"ఇంతమంది నా కొట్లోకి ఎప్పుడొచ్చారో చెప్పు?"

"అందులో ఏడుగురు మనుషులున్నారు కోవాక్స్ గారూ. వాళ్ళని ఎన్నిసార్లు చంపుతారు?"

చివరిది కూడా ఆపేశాడు. కొట్టంతా నల్లటి అద్దాలు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా బయటికి పోయారు. ఒకావిడ మాత్రం పోతూ పోతూ బావ చెయ్యి నొక్కింది. కోవాక్స్ చెడ్డవాడు కాదు. ఆ వారం ఆఖరి దాకా ఉంచుకుని, ఆ తర్వాత రావొద్దన్నాడు.

దాంతో బావ శ్మశానంలో పనికి కుదిరాడు. కాథలిక్కుల శ్మశానం, సరస్సుకి దగ్గర్లో. గడ్డి కొయ్యడం, గోతులు తియ్యడం. అక్కడ హాయిగానే ఉండేవాడు. "ఇక్కడా ఒకళ్ళ మీదికి ఒకళ్ళు రాకుండా చూడటమే పని. కాకపోతే తొందరలేదు" అనేవాడు.

ఇన్నేళ్ళలో పక్కింటి ప్రూయిట్‌తో ఒక్క మాట లేదు. మంచు పడితే వీధిలో ముసలాళ్ళందరి ఇళ్ళ ముందూ బావే ఎత్తిపోసేవాడు. ప్రూయిట్ ఇంటి హద్దు రాగానే పార భుజాన వేసుకుని, ఆ ఇల్లు దాటి, అవతలి ఇంటి ముందు మళ్ళీ మొదలెట్టేవాడు. ఇద్దరూ ఒకేసారి చెత్త డబ్బా బయటపెట్టాల్సి వస్తే, ఒకళ్ళు తలుపు వెనక ఆగేవారు. అక్కా జెనెట్ మాత్రం మాట్లాడుకునేవారు. మగాళ్ళిద్దరూ పనికి పోయాక కంచె దగ్గర ఒకళ్ళకొకళ్ళు కేకులు అందించుకునేవారు. బావ ఆ కేకు తినేవాడు. ఎక్కడిదని అడిగేవాడు కాదు.

జెనెట్‌కి ఆ జబ్బు తగ్గింది. ఏడేళ్ళు బాగానే ఉంది. ఎనభై ఎనిమిది వసంతంలో మళ్ళీ వచ్చింది. రెండోసారి మందులు పనిచెయ్యలేదు. మరుసటి మార్చిలో పోయింది.

ఆమె పోయిన మర్నాడు బావ పొద్దున్నే శ్మశానానికి వెళ్ళాడు. నేను సాయం వెళ్ళాను. గోతులు తియ్యడానికి వాళ్ళ దగ్గర యంత్రం ఉంది. ఒక గంటలో అయిపోతుంది. బావ యంత్రం తియ్యలేదు. పారా గునపం పట్టుకున్నాడు.

"బావా, మంచుకి నేల ఇంకా గట్టిగా ఉంది."

"తెలుసు."

"యంత్రం ఉంది కదా."

"యంత్రంతో తీస్తే అంచులు విరిగిపోతాయి. ఆవిడకి చిందరవందరగా ఉంటే నచ్చదు. నువ్వు ఆ పక్క పట్టు."

మధ్యాహ్నం దాకా తవ్వాం. బావ దిగి నాలుగు గోడలూ అరచేత్తో తడిమి చూసి, పైకి తేలిన చెట్ల వేళ్ళు కత్తెరతో కత్తిరించాడు. తర్వాత శవపేటిక వచ్చినప్పుడు బావ దూరంగా, పనిముట్ల గది దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక ప్రూయిట్ ఒక్కడే గోతి పక్కన ఆగాడు. వంగి అంచులు చూశాడు. తలెత్తి బావని చూశాడు. బావ టోపీ పెట్టుకున్నాడు. ప్రూయిట్ కారెక్కి వెళ్ళిపోయాడు.

నేననుకున్నాను, ఇంక మాటలు కలుస్తాయని. కలవలేదు. ఒక్క తేడా వచ్చింది. ఆ చలికాలం నుంచి బావ మంచు ఎత్తేటప్పుడు ప్రూయిట్ ఇంటి ముందు కూడా ఎత్తేవాడు. ఎందుకని అడిగాను. "హద్దు దగ్గర ఆపి మళ్ళీ మొదలెడితే నడుం పట్టేస్తోంది" అన్నాడు.

తొంభై మూడు ఆగస్టులో కొత్త అధ్యక్షుడు ఆ నిషేధం ఎత్తేశాడు. పన్నెండేళ్ళయింది. ఆ సాయంత్రం అక్కావాళ్ళింటి తలుపు ఎవరో కొట్టారు. అక్క తీసింది. ప్రూయిట్. చేతిలో టోపీ. అప్పటికి అతను రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు.

"ఎమెరీ ఉన్నాడా?"

బావ టీవీ ముందు కుర్చీలోంచే, "ఉన్నాడు" అన్నాడు.

ప్రూయిట్ లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"నిషేధం తీసేశారు. విన్నావా?"

"విన్నా."

"ఉద్యోగం అడుగు. మనుషులు చాలట్లేదు. కొత్తవాళ్ళకి చెప్తే అర్థం కాదు, చెప్పేవాడికి ఓపిక లేదు. నువ్వొస్తే బావుంటుంది."

"ఎవరికి బావుంటుంది?"

"విమానాలకి" అన్నాడు ప్రూయిట్.

అక్క, "లోపలికి రా వాల్, కాఫీ పెడతా" అంది. "ఇంకోసారి లొరెటా" అని అతను వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుండగా బావ కుర్చీలోంచి లేచి తలుపు దాకా వచ్చాడు.

"ఆ రోజు బానెట్ మీద సొట్ట పడిందా?"

"పడింది."

"బాగుచేయించావా?"

"ఆ కారు అమ్మేశాను ఎమెరీ. పదేళ్ళయింది."

"ఓహో" అన్నాడు బావ. కాసేపు ఇద్దరూ అక్కడే నిలబడి వీధి చూశారు. పన్నెండేళ్ళ తర్వాత జరిగిన సంభాషణ అదే. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు, నేను దగ్గరుండి విన్నాను కాబట్టి చెప్తున్నా.

బావ దరఖాస్తు పెట్టాడు. ఏడాది పోయింది, రెండేళ్ళు పోయాయి. సమ్మెలో పోయినవాళ్ళలో కొద్దిమందినే వెనక్కి తీసుకున్నారు. బావ గోతులు తవ్వుతూ ఎదురుచూశాడు. తొంభై ఆరులో పిలుపొచ్చింది. అప్పటికి అతనికి యాభై మూడు. మొదటి నుంచీ శిక్షణ తీసుకోవాలన్నారు.

అతనికి నేర్పింది ఇవెట్ మతోస్ అనే అమ్మాయి. మా లొరేన్ పోర్టోరికన్ల పిల్లే, వాళ్ళ నాన్న మిల్లులో నాతో పనిచేశాడు. సమ్మెలో ఖాళీ అయిన కుర్చీలు నింపడానికి తీసుకున్నవాళ్ళలో ఒకర్తి. ముప్పై దాటి ఎంతో కాలేదు. మొదటిరోజు బావ ఇంటికొచ్చి, "నా స్థానంలోకి వచ్చినవాడెవడో తెలిసింది. వాడు కాదు, ఆమె" అని చెప్పాడు.

మొదటి నెలలు ఘోరంగా ఉన్నాయి. పాత తెరలు మారాయి, దారుల పేర్లు మారాయి, పాత విమాన కంపెనీలు సగం మూతపడ్డాయి. బావ నోట్లోంచి ఎప్పుడో పోయిన కంపెనీల పేర్లు వచ్చేవి. ఒకరోజు ఆమె ఆపేసిందట.

"హుడాక్ గారూ, మీరు ఇప్పుడు పిలిచిన విమానం లేదండీ. ఆ కంపెనీయే లేదు."

"నేను పిలిస్తే పలికిందమ్మా."

"అది వేరేవాడు పలికాడు. మర్యాదకి పలికాడు. మళ్ళీ చెప్పండి."

ఆ వేళ ఇంటికొచ్చి కోటు కూడా తియ్యకుండా కూర్చున్నాడు. "మానేస్తా లొరెటా. వేళ్ళు ఆలస్యంగా కదులుతున్నాయి. తవ్వీ తవ్వీ చేతులు మొద్దుబారిపోయాయి."

అక్క సూప్ గిన్నె కడుగుతోంది. వెనక్కి తిరగలేదు. "సమ్మె చేసినప్పుడు ఒక్కసారి తప్ప మానెయ్యమన్నానా? లేదు. గోతులు తవ్వుతానంటే వద్దన్నానా? లేదు. అరిజోనా దాకా కారులో వచ్చా, నడుం విరిగింది, అన్నానా? ఇన్నేళ్ళు ఆ కుర్చీ గురించే విన్నాను. ఇప్పుడు నువ్వు మానేస్తే మనం మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?"

బావ మర్నాడు పనికి పోయాడు. సాయంత్రాలు ప్రూయిట్ వచ్చి, వంటింటి బల్ల మీద పేపరు ప్లేట్లు పరిచి, వాటినే విమానాలు చేసి, కొత్త దారులు చెప్పేవాడు. అప్పటికి అతను రిటైరయ్యాడు. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. బావ తప్పు చెప్తే, ప్లేట్లు రెండూ ఒకదానికొకటి ఆనించి, "చచ్చారు" అనేవాడు. సరిగ్గా చెప్తే ఏమీ అనేవాడు కాదు. అక్క ఆ ప్లేట్లలోనే కేకు పెట్టేది.

తొంభై ఏడు ఆఖర్లో ఇవెట్ మతోస్ కుర్చీ వెనక నిలబడి, చెవులకున్న హెడ్‌సెట్ తీసేసి, "ఇంక మీరే చూసుకోండి హుడాక్ గారూ" అని కాఫీకి వెళ్ళిపోయిందట. బావ ఒక్కడే తెర ముందు. కాసేపటికి పాత సరుకు విమానం ఒకటి టొలీడో వైపు నుంచి వచ్చింది. పైలట్ గొంతు ముసలిది. ఎత్తు చెప్పాడు, బావ జవాబిచ్చాడు. పైలట్ వెంటనే అడిగాడట.

"నీ గొంతు తెలిసినట్టుందే. ఎన్నాళ్ళయిందయ్యా విని? ఎక్కడికి పోయావు?"

"కాస్త బయటికి వెళ్ళొచ్చాను" అన్నాడు బావ. "ఎడమకి పది డిగ్రీలు తిప్పు."

ఇది నాకు బావ చెప్పలేదు. ఇవెట్ చెప్పింది. కాఫీకి వెళ్ళలేదట, స్తంభం వెనక నిలబడి వింటోందట.

ఆ మరుసటి ఏడు మనవరాల్ని చూడటానికి అక్కా బావా విమానంలో టూసాన్ వెళ్ళారు. టిక్కెట్టు తీసే ముందు, ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉంటారో బావ కనుక్కున్నాడు. ఇవెట్ అని తెలిశాక సరేనన్నాడు.

అతను నాలుగేళ్ళు పనిచేసి మానేశాడు. సాదాగా ఒక కేకు కోశారు. పోయిన శీతాకాలం ఇద్దరికీ, బావకీ ప్రూయిట్‌కీ, కంట్లో శుక్లాలు తీయించాల్సొచ్చింది. ఒకే రోజు ఎలిరియాలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఒకళ్ళకి ఎడమ కంటికి కట్టు, ఒకళ్ళకి కుడి కంటికి. రోడ్డు మీద సన్నగా మంచు పడుతోంది.

"ఎమెరీ" అన్నాడు ప్రూయిట్.

"ఊఁ."

"మళ్ళీ ఆ సోమవారం వస్తే ఏం చేస్తావు?"

"గేటు బయట ఉంటా."

"అంతా తెలిసి కూడానా?"

"తెలిసీ. నువ్వు?"

"లోపలికి పోతాను."

"పోవాలి" అన్నాడు బావ. "ఆవిడకి ఏడేళ్ళు వచ్చాయి కదా."

ప్రూయిట్ కిటికీ వైపు తిరిగాడు. నేను వైపర్లు కాస్త వేగం పెంచాను.

"బానెట్ మీద మాత్రం అంత గట్టిగా కొట్టక్కర్లేదు" అన్నాడు చివరికి.

"కొట్టాలి. అది సమ్మె కదరా" అన్నాడు బావ. నాకేసి వంగి, "గస్, ఎదర లారీ ఉంది, చూసుకో" అన్నాడు.

"ఒంటికన్నుతో నీకెలా కనబడింది బావా?"

"కనబడలేదు. ఈ రోడ్డు మీద ఈ టైముకి ఎప్పుడూ ఉంటుంది."

ఉంది.